పొదుపు సంఘముల స్వపరిపాలనము

నెలకొకసారియో రెండుసార్లో మన గ్రామములలో పదిమంది స్త్రీలు ఒక యింటి అరుగుమీద చాప పరచుకొని కూర్చుందురు. నడుమ ఒక పెట్టె, రెండు మూడు పుస్తకములు ఉండును. హాజరు పిలుతురు, పొదుపు లెక్కింతురు, పాత బాకీలు జమకట్టుకొందురు, క్రొత్త అప్పు ఎవరికీయవలయునో తర్కింతురు, రాని వారికి జరిమానా వేయుదురు. ఈ దృశ్యము మన కన్నులకు మిక్కిలి అలవాటైపోయినది. అందుచేతనే కాబోలు, దీని మహత్త్వమును మనము గుర్తింపకున్నాము. నియమము చేయు అధికారము, చందా విధించు అధికారము, దండించు అధికారము, క్షమించు అధికారము అను ప్రభుత్వ లక్షణములన్నియు ఆ చాపమీద కలవు. పెద్ద రాజధానులలో కానరాని స్వపరిపాలనము మన యూరి అరుగుమీద జరుగుచున్నది.

1992లో నాబార్డు 500 సంఘములను బ్యాంకులతో అనుసంధించు ప్రయోగమును మొదలుపెట్టెను. నేడు దేశమునందట్టి సంఘములు కోటికి పైబడినవి. ఈ విస్తరణమున తెలుగునాడు మొదటినుండియు ముందు వరుసలో నిలిచినది. రిజర్వు బ్యాంకు 2021లో హామీలేని సంఘఋణ పరిమితిని 10 లక్షల రూపాయలనుండి 20 లక్షలకు పెంచెను. ఇంత ధనము చేతులు మారుచున్న వ్యవస్థకు కాపలా ఎవరిది? సర్కారు ఉద్యోగిదా, బ్యాంకు మేనేజరుదా, లేక ఆ చాపమీద కూర్చున్న స్త్రీలదేనా? ఇదియే నేటి విచారణీయాంశము.

ఈ సంఘములకు నియమమెట్లు పుట్టినదో ముందు చూతము. పదిమంది సభ్యులు దినమునకొక రూపాయి చొప్పున దాచినచో నెలకు 300, సంవత్సరమునకు ఇంచుమించు 3,600 రూపాయలగును. అది గొప్ప నిధి కాదు. కాని అందులో 200 రూపాయలను జ్వరపడిన బిడ్డ మందులకై ఒక సభ్యురాలికి అప్పిచ్చునపుడు తక్కిన తొమ్మండుగురును తమ తిండి తగ్గించి దాచిన సొమ్మునే ఆమె చేతిలో పెట్టుచున్నారు. ఆమె మాటమీద నిలుచునదా, ఆమె మగడు సంపాదించి తెచ్చునా తగులబెట్టునా, ఆమె గేదె పాలిచ్చుచున్నదా వట్టిపోయినదా అను సంగతులు వారికి తెలిసినంతగా ఏ బ్యాంకు మేనేజరునకును తెలియవు. ఆమె తీర్పకున్నచో నష్టము వారిదే. తెలిసినవారే నిర్ణయింతురు, నిర్ణయించినవారే ఫలము ననుభవింతురు. ఈ రెండును ఒకచోట కూడియుండుటయే స్వయంనియమనము. వీనిలో ఏ యొక్కటి విడిపోయినను నియమము పేరునకు మిగులును గాని ప్రాణము పోవును.

భూవసతిగల మన పాఠకులకు ఇది క్రొత్త సంగతి కాదు. చెరువుక్రింద నీటి వంతులను ఎవరు నడిపిరి? ఎవరి మడి తడిసినదో, ఎవరిది ఎండినదో ఆయకట్టు రైతులకు తెలియును. గండిపడినచో ఎండునది వారి పొలమే. అందుచేత నీరుకట్టు తన పని తాను చేసెను, రైతులు పూడికతీతకు వచ్చిరి. మరమ్మతు సర్కారుదను భావము స్థిరపడిన పిదప కాలువలు పూడి, తూములు శిథిలమైన చెరువులను మనమందరము చూచియున్నాము. నీటికి పట్టిన గతి సొమ్మునకు పట్టదని నమ్మవలదు.

చరిత్రను కొంత స్మరింపవలసియున్నది. 1982లో కేంద్ర ప్రభుత్వము డ్వాక్రా పథకమును ప్రవేశపెట్టెను. పేరు అప్పుడు వచ్చినది; ప్రాణము మాత్రము నెల్లూరుజిల్లానుండి వచ్చినది. 1991-92 ప్రాంతమున అక్షరాస్యతా కేంద్రములలో చదువు నేర్చుకొనుచుండిన స్త్రీలు దూబగుంటలో సారా దుకాణముపై తిరుగబడిరి. ఆ యుద్యమము జిల్లాను దాటి రాష్ట్రమంతట వ్యాపించెను. 1993లో సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. నిషేధము నిలువలేదు గాని, ఆ యుద్యమపు వెనువెంట దినమునకొక రూపాయి దాచు ‘పొదుపులక్ష్మి’ సంఘములు నెల్లూరున వెలసి నిలిచినవి. ఇందలి క్రమమును పాఠకులు గమనింతురు గాక. మొదట అక్షరము, పిదప ధైర్యము, అటుపిమ్మట రూపాయి. తన పుస్తకమును తాను చదువుకొనగల స్త్రీయే తన సొమ్మును తాను కాపాడుకొనగలదను సత్యము ఆ యుద్యమపు పుట్టుకలోనే యున్నది.

2000 సంవత్సరమున గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడెను. సంఘములు కలిసి గ్రామైక్య సంఘము, అవి కలిసి మండల సమాఖ్య, అవి కలిసి జిల్లా సమాఖ్య అను అంతస్తులు లేచినవి. 2011లో కేంద్రము జాతీయ గ్రామీణ జీవనోపాధుల కార్యక్రమమును ఆరంభించినపుడు ఈ తెలుగు అనుభవము దానికొక ఆధారమయ్యెను. క్రమము తప్పని సమావేశము, క్రమము తప్పని పొదుపు, లోపలి అప్పులు, వాయిదాల చెల్లింపు, సరియైన లెక్కలు అను పంచసూత్రములు దేశమంతట వల్లింపబడుచున్నవి. సూత్రములు నిర్దుష్టములే. ఆచరణము సంగతి వేరు.

పాఠకులు తమ గ్రామములోనే పరీక్షించి చూడవచ్చును. ఒక సభ్యురాలిని మూడు ప్రశ్నలడుగుడు. మీ సంఘమున మీ పొదుపు మొత్తమెంత? మీ పేర బ్యాంకు బాకీ ఎంత? పోయిన సమావేశమున వ్రాసిన తీర్మానమేమి? మూడింటికిని తడుముకొనక జవాబు వచ్చినచో ఆ సంఘము జీవించియున్నదని గ్రహింపుడు. ‘‘బుక్కు యానిమేటరమ్మ దగ్గరుందండి’’ అను జవాబు వచ్చినచో సంఘము రికార్డులలో మాత్రమే యున్నదని తెలిసికొనుడు. యానిమేటరు సంఘమునకు సేవచేయవలసిన మనిషి. పలుచోట్ల ఆమెయే పుస్తకము వ్రాయును, ఆమెయే బ్యాంకునకు పోవును, అధికారులకు జవాబును ఆమెయే చెప్పును. ఈ దోషము ఆ పేదరాలిది కాదు. ఆమె నెత్తిన పథకముమీద పథకము మోపి, లక్ష్యములు విధించి, సమావేశము జరుగకున్నను జరిగినట్లు వ్రాయక తప్పని స్థితికి తెచ్చినది పైవారే.

ఇట్టి చోట్ల రోగము కంటికి కనబడదు. వాయిదాలు చెల్లినట్లే యుండును. ముగ్గురు చెల్లింపలేనిచో ఆ లోటును తక్కినవారి పొదుపునుండి పూడ్తురు, లేదా ఒకచోట అప్పుచేసి మరియొకచోట కట్టుదురు. బ్యాంకు కాగితమున వసూలు నూటికి నూరు. లోపల బాకీ పెరుగుచుండును. అధ్యక్షురాలు, కార్యదర్శి పేరులతోనే బ్యాంకు వ్యవహారము నడచుటచేత, వారిరువురును ఏండ్లతరబడి మారనిచో సంఘము వారి సొంతమైపోవును. చెప్పుడుమాటలు విని సంతకము పెట్టిన పదవ సభ్యురాలికి, తాను పుచ్చుకొనని అప్పునకు నోటీసు వచ్చిననాడు గాని నిజము తెలియదు. కంచె చేను మేసినదని అప్పుడు వాపోయి ప్రయోజనమేమి? కంచెను ఏటేట ఎవరు చూచిరి?

బయటి సొమ్ము నియమమును విడిచి వచ్చినపుడు ఏమి జరుగునో తెలుగునాడు రెండుమారులు చూచినది. 2006లో కృష్ణాజిల్లాలో సూక్ష్మఋణ కంపెనీల వసూలు పద్ధతులమీద ఆరోపణలు చెలరేగి, అధికారులు వారి శాఖలను మూయించిరి. 2010లో అదియే రాష్ట్రవ్యాప్తమయ్యెను. ఒకే యింటికి నాలుగైదు కంపెనీలు అప్పులిచ్చినవి. వారమువారము వసూలుదారులు వాకిట నిలిచిరి. ఆత్మహత్యల వార్తలు వచ్చినవి. ఆ యేటి అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చెను. కంపెనీల వసూళ్లు కుప్పకూలెను. ఆ కంపెనీలును పదిమందిని గుంపుగా చేర్చినవి. ఒకరికొకరిని పూచీ పెట్టినవి. ఆకారము సంఘముదే. కాని అప్పు ఎవరికి, ఎంత, ఎప్పుడు అను నిర్ణయము కంపెనీది, అవమానము స్త్రీలది. నిర్ణయములేని పూచీ వెట్టిచాకిరివంటిది. సంఘమున కుండవలసిన అధికారము తీసివేసి బాధ్యత మాత్రము మిగిల్చినచో, చెలికత్తెలే ఒకరి యింటికొకరు తాళము వేయు దుర్గతి కలుగును.

కంపెనీల దోషమును ఖండించుట సులభము. మన ప్రభుత్వముల దోషమును చెప్పుట కష్టతరము, అయినను చెప్పవలయును. ఉమ్మడి రాష్ట్రమున పావలావడ్డీ, పిదప వడ్డీలేని ఋణము వచ్చినవి. సకాలమున చెల్లించినవారికే వడ్డీ రాయితీ అను నిబంధన ఉన్నంతవరకు అవి నియమమునకు తోడే అయినవి. 2014 ఎన్నికలలో ఆంధ్రప్రదేశమున డ్వాక్రా ఋణములు మాఫీ యగునను వాగ్దానము వినవచ్చెను. ఎన్నికల పిదప మాఫీ స్థానమున సభ్యురాలికి 10,000 రూపాయల చొప్పున పెట్టుబడి నిధి ‘పసుపు-కుంకుమ’ పేర వాయిదాలలో ఇయ్యబడెను. 2019 ఎన్నికలకు ముందు మరల 10,000 ప్రకటింపబడెను. ఆ యెన్నికలలో గెలిచిన పక్షము 11-04-2019 నాటికిగల సంఘముల బ్యాంకు బాకీలను నాలుగు విడతలుగా సభ్యులకు చెల్లింతుమని చెప్పి, 2020 సెప్టెంబరునుండి ‘ఆసరా’ పేర ఆ చెల్లింపు జరిపెను. పేదరాలి చేతికి సొమ్ము వచ్చుటను మేమాక్షేపింపము. భాగ్యవంతుల ఋణములను రద్దుచేయు బ్యాంకులున్న దేశమున పేదస్త్రీకి వచ్చిన పదివేలను చూచి కన్నెఱ్ఱ చేయుట న్యాయము కాదు.

మా యాక్షేపణ వేరొకటి. ఆ తారీఖునకు ముందు రాత్రియనక పగలనక కష్టించి బాకీ తీర్చివేసిన సంఘమునకు లభించినదేమి? బాకీ నిలుపుకొన్న సంఘమునకు లభించినదేమి? నియమము పాటించినది నష్టపడి, పాటింపనిది లాభపడినచో, మరుసటి సమావేశమున ‘వాయిదా కట్టుడు’ అని చెప్పు కార్యదర్శికి ఏ ముఖమున్నది? ఇరువదియేండ్లు శ్రమపడి నిర్మించిన కట్టుబాటు ఒక ఎన్నికల సభలోని ఒక్క వాక్యముచేత సడలును. వాగ్దానము చేసినవారు ఐదేండ్లకు పోవుదురు. సడలిన కట్టుబాటు మాత్రము గ్రామముననే యుండును.

ఇచ్చట ఒక సూక్ష్మమును వివరింపవలయును. నియమమనగా కాఠిన్యము కాదు. పంటపోయిన యింటిని, మగడు చనిపోయిన యింటిని సంఘము పీడింపరాదు. మంచి సంఘములు పీడింపవు. అట్టివారికి ఆరునెలల గడువిత్తురు, వడ్డీ తగ్గింతురు, ఒక్కొక్కప్పుడు బాకీనే విడిచిపెట్టుదురు. ఆ విధముగా తీర్మానము వ్రాసి పదిమందియు సంతకములు చేయుదురు. క్షమయు నియమములోని భాగమే. కాని ఎవరి సొమ్ము పోవునో వారే క్షమింపవలయును. ఎవరిని ఏల క్షమించిరో పుస్తకమున వ్రాయవలయును. పదిమంది చాపమీద కూర్చుండి చేసిన క్షమ సంఘమును బలపరచును. రాజధానిలో ఒకరు వేదికమీద నిలువబడి చేసిన క్షమ, ఎంత యుదారమైనను, సంఘపు చేతినుండి త్రాసును లాగుకొనును.

ఇది ఈనాటి జబ్బు కాదు. 1895లోను 1897లోను మద్రాసు ప్రభుత్వమునకు నికల్సను దొర సమర్పించిన నివేదికలో, జర్మనీలో రైఫైజన్ స్థాపించిన గ్రామఋణ సంఘములవంటివి మన దేశమునకును కావలయునని సూచించెను. 1904లో చట్టము వచ్చెను. మనకు రైఫైజన్ దొరకలేదు; రిజిస్ట్రారు దొరికెను. జర్మనీలో 1889నాటి చట్టము ప్రతి సహకారసంఘమునకు తనిఖీని నిర్బంధము చేసెను. ఆ తనిఖీపని సంఘములు తమలో తాము కూడి నిర్మించుకొన్న సమాఖ్యల చేతిలో పెరిగెను. ఇచ్చట తనిఖీయు, ఎన్నికయు, రద్దును సర్కారు ఉద్యోగి చేతిలో నుండుటచేత, సహకారము సర్కారు శాఖలలో నొకటిగా మారెను.

ఆ సంకెలను త్రెంచిన గౌరవమును తెలుగునాడు పొందినది. 1995నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము, సర్కారు వాటాధనమును కోరని సంఘములకు తమ పాలకవర్గమును తామే ఎన్నుకొని, తమ లెక్కల తనిఖీదారును తామే నియమించుకొను స్వాతంత్ర్యమొసగెను. పాడి సహకారసంఘములను ఆ చట్టమునుండి లాగి పాత చట్టముక్రిందికి తెచ్చుటకు 2006లో ప్రభుత్వమొక సవరణ చేయగా హైకోర్టు కొట్టివేసెను. 2011లో సుప్రీంకోర్టు ఆ తీర్పును స్థిరపరచెను. మన మహిళా సమాఖ్యలలో చాలభాగము ఈ చట్టముక్రిందనే నమోదైనవి. చట్టము స్వాతంత్ర్యమిచ్చినది, ఆచరణలో అధికారుల ఆజ్ఞ నడచుచున్నది. ఇంటి పట్టా తనపేరనుండి తాళపుచెవి పొరుగువాని మొలనున్నట్లున్నది.

తాళపుచెవిని తిరిగి పుచ్చుకొనుట అసాధ్యము కాదని చూపు దృష్టాంతములు కలవు. వరంగల్లు, కరీంనగరు ప్రాంతములలో సహవికాస అను సంస్థ తోడ్పాటున 1990 దశాబ్దినుండి పెరిగిన మహిళా పొదుపు సహకారసంఘములు బయటి ధనమునకు ఆశపడక సభ్యుల పొదుపుమీదనే నిలిచినవి. ముల్కనూరున మహిళలే సభ్యులుగా, మహిళలే పాలకవర్గముగా సహకార డెయిరి నడచుచున్నది. హైదరాబాదునందలి ఏపీమాస్ సంస్థ, జర్మను సహకార సమాఖ్య తోడ్పాటుతో, సమాఖ్యల స్వయంనియమనమునకు ఒక పద్ధతిని ఏర్పరచి బోధించినది. కేరళమున కుటుంబశ్రీ సంఘముల లెక్కలను తనిఖీచేయుటకు వాణిజ్యశాస్త్రము చదివిన స్త్రీల బృందములే ఏర్పడినవి. పల్లెటూరి స్త్రీలకు లెక్కలు రావనువారికి ఇంతకంటె సమాధానమేల?

స్వయంనియమనమునకు కావలసిన పనులు గూఢములు కావు. ప్రతి సమావేశమున పుస్తకమును బిగ్గరగా చదువవలయును. చదువురాని సభ్యురాలికి తన పొదుపు, తన బాకీ చెవినపడవలయును. పదవులు నియమితకాలమునకు మారవలయును. ఏటికొకసారి సంఘపు లెక్కలను అదే సంఘమువారు కాక, సమాఖ్య శిక్షణమిచ్చిన వేరొక సంఘపు స్త్రీలు చూచి, లోపములను సర్వసభ్య సమావేశమున చదివి వినిపింపవలయును. ఆ తనిఖీ కూలిని సంఘములే చందాగా చెల్లింపవలయును. కూలి ఎవరిదో మాట వారిదగును. యానిమేటరును నియమించుటయు తొలగించుటయు గ్రామైక్య సంఘపు చేతిలో నుండవలయును. ఒకచోట లోటు కనబడినచో దానిని దాచిపెట్టక, పూడ్చుటకు గడువిచ్చి, గడువు దాటినచో ఆ సంఘమునకు సమాఖ్య అప్పు నిలుపవలయును.

‘సొమ్ము బ్యాంకుది, రాయితీ సర్కారుది, కాబట్టి కాపలాయు వారిదే గదా’ యని కొందరనవచ్చును. బ్యాంకు తన సొమ్ము లెక్క చూచుకొనవచ్చును. సర్కారు తన రాయితీ లెక్క అడుగవచ్చును. దానిని ఎవరును కాదనరు. కాని సంవత్సరమునకొకసారి వచ్చు ఉద్యోగి పుస్తకములోని అంకెల కూడికను చూడగలడు. వ్రాసిన సమావేశము నిజముగా జరిగినదో లేదో అతడేమెరుగును? పొరుగు వీధి స్త్రీ యెరుగును. పైతనిఖీ దొంగను పట్టును. లోతనిఖీ దొంగతనము పుట్టకుండ చూచును.

ఈ పనిలో మనకును భాగము కలదు. రాజకీయపక్షముల నాయకులు తమ సభలు నిండుటకై సంఘముల స్త్రీలను లారీలకు, బస్సులకు ఎక్కించుట మానవలయును. సభకు రానివారికి అప్పు రాదను బెదిరింపు ఎక్కడ వినబడినను అది సిగ్గుమాలిన పని. అధికారులు లక్ష్యముల పట్టికకంటె పుస్తకము చదువబడినదా యని ముందడుగవలయును. పట్టణములయందలి విద్యావంతులు, విశ్రాంత ఉపాధ్యాయులు, బ్యాంకుల పనిచేసి విరమించినవారు వారమునకొక సాయంకాలము ఈ స్త్రీలకు లెక్కలు నేర్పుటకంటె పుణ్యకార్యము లేదు. నేర్పి లేచిరావలయును గాని పుస్తకమును తమ చేతిలోనికి తీసికొనరాదు.

భూస్వాములైన గృహస్థులకు ఒక మాట. మీ యింటి యిల్లాలి పేర వచ్చిన సంఘఋణము మీ చేనికి ఎరువై పోయియుండవచ్చును. అందు తప్పులేదు. కాని వాయిదానాడు ఆమె చాపమీద తలవంచుకొని కూర్చుండకుండ చూచుట మీ ధర్మము. మీ పొలమున నాటువేయు కూలిస్త్రీకి సమావేశపు దినమున ఒకగంట ముందు సెలవిచ్చుట ఇంకొక ధర్మము. మీ మాట వినలేదని గ్రామైక్య సంఘపు తీర్మానమును త్రిప్పించుటకు యత్నింపకుండుట అన్నింటికంటె పెద్ద ధర్మము.

స్వరాజ్యమనగా ఇతరులు మనకు మంచిపాలన చేయుట కాదు. తప్పులతోనైనను మనలను మనమే పాలించుకొనుట. దేశమునకు మనము కోరిన ఆ సూత్రమునే ఇనుపపెట్టె ముందు కూర్చున్న పదిమంది స్త్రీలకును వర్తింపజేయుదము. వారి పుస్తకమును వారే చదువుకొందురు గాక. వారి అప్పును వారే తూచుకొందురు గాక. క్షమయు దండనమును వారి నోటినుండియే వెలువడును గాక. ఆ పెట్టె తాళపుచెవి వారి చేతికి వచ్చువరకు, ఎన్ని కోట్ల ఋణములు పంచినను మనము పంచినది సొమ్మే యగును గాని అధికారము కాదు.